సామేలు తాత గుంట

చచ్చిపోయి చాలాకాలమైన మొగుడికి బతికున్న పెళ్ళాం చేత విడాకులు ఇప్పించబోయిన వాణ్ణి మా చుట్టుపక్కల రెండు జిల్లాల్లోనూ నేనొక్కణ్ణే అనుకుంటాను. అదీ ఒక్క అక్షరంతో. ఆ ఘనకార్యం ఎలా జరిగిందో చెబుతాను, హాయిగా నవ్వుకోండి. నవ్వడం అయ్యాక "ఇకనైనా ఆ పాత కార్డుల పిచ్చి మానుకోరాదూ" అన్నారంటే మాత్రం ఊరుకునేది లేదు. ఆ సలహా మా బంధువర్గమంతా వంతులవారీగా ఇచ్చేసింది, మీ కోసం ఏమీ మిగల్లేదు.

నాకు యుద్ధకాలపు పోస్టుకార్డులు పోగుచేసే అలవాటుంది. రెండో ప్రపంచ యుద్ధంలో మా వైపు నుంచి బోలెడుమంది పటాలంలో చేరి అస్సాం దాకా, బర్మా దాకా వెళ్ళారు. వాళ్ళు ఇళ్ళకు పంపిన కార్డులు ఆమదాలవలసలో పాత కాగితాలు కొనే కొట్లలో ఇప్పటికీ అడపాదడపా దొరుకుతుంటాయి. కార్డు చేతికి రాగానే భూతద్దం తీసి ముందు దాని మీది రాజుగారి బొమ్మ చూసేవాణ్ణి. తర్వాత తపాలా ముద్ర. ఆ తర్వాత మిలిటరీ సెన్సారు వాళ్ళు కొట్టిన ముద్ర. ఒక్కో ముద్ర ముందు ఒక పూట కూర్చునేవాణ్ణి. మరి రాసిన సంగతో? దాన్నెవరు చూస్తారండీ! అందరూ క్షేమమనే రాస్తారు కదా అని నా ధీమా. పెళ్ళిచూపులకు వెళ్ళి, పిల్ల ముఖం చూడకుండా ద్వారబంధం మీది నగిషీ మెచ్చుకుని వచ్చే రకాన్ని.

అప్పటికి నేను గజపతినగరంలో ఒక ప్రైవేటు కాలేజీలో చరిత్ర పాఠాలు చెబుతున్నాను. కొత్తగా పెళ్ళైంది. మా ఆవిడ సుధది బాపట్ల. ఈ ముక్క కాస్త గుర్తుపెట్టుకోండి, అవసరం పడుతుంది.

బొబ్బిలి దగ్గరి పల్లెలో మా అమ్మ తమ్ముడు యోహాను మావ పెంకుటింటి కప్పు విప్పించి స్లాబు వేయిస్తుంటే, దూలానికి వేలాడుతూ ఒక ఉత్తరాల తీగ దొరికింది. వెనకటి రోజుల్లో ఇంటికొచ్చిన ప్రతి ఉత్తరాన్నీ చదవడం అయ్యాక ఇనపతీగకి గుచ్చేసేవాళ్ళు. ఆ తీగకి అట్టడుగున, పొగచూరి, నడుమ చిల్లు పడి, మా అమ్మ వాళ్ళ నాన్న సామేలు తాత యుద్ధం నుంచి తన తండ్రికి పంపిన కార్డు ఉంది. నా సొంత తాత! సెన్సారు ముద్రతో సహా! ఆ వారమంతా నేను భూమ్మీద నడవలేదు.

మావ ఫోను చేశాడు. "ఒరే పెకాశూ, వచ్చే ఆదివారం మీ తాత జ్ఞాపకార్థ కూటం ఎడతన్నాం. చర్చిలో అందరూ ఉంటారు. ఆ కార్డు అట్టుకొచ్చి నాలుగు మంచి ముక్కలు మాటాడు. అమ్మ సంతోషిస్తాది."

అమ్మ అంటే మా అమ్మమ్మ. తాత పోయాక ఆమెకు ఈ లోకంలో మిగిలిన కోరిక ఒక్కటే, సమాధుల తోటలో తాత పక్కనున్న చోటు. ఆ చోటు చుట్టూ తనే రాళ్ళు పేర్పించుకుంది. ఎండపూట మేకలొచ్చి అక్కడ పడుకుంటే కర్ర పుచ్చుకుని వెళ్ళి, "లెగండే, లెగండి! నా సోటు!" అని తరిమి కొట్టేది. ఇంకా బతికుండగానే ఆ చోటు కోసం అంత పోరాడిన మనిషిని నేను మరొకర్ని చూడలేదు.

ఆదివారం సుధతో కలిసి వెళ్ళాను. ఆరాధన అయ్యాక నన్ను ముందుకు పిలిచారు. మొదలెట్టాను. రాజుగారి బొమ్మ గురించి, కార్డు రంగు గురించి, సెన్సారు ముద్ర అంచుల గురించి దంచి పారేశాను. పాస్టరుగారు కళ్ళు మూసుకున్నారు. ప్రార్థన చేస్తున్నారనుకుని నేను ఇంకాస్త ఉత్సాహపడ్డాను.

"ముద్రలు సాల్లేరా," అన్నాడు మావ. "ఇంతకీ ఏటి రాసినాడు మీ తాత?"

నేను కార్డు తిప్పి చూశాను. ముద్రకు తప్ప మాటకు ఆ కార్డులో చోటుందన్న సంగతే నాకు తట్టలేదు మరి.

"సదవరా బావూ," అంది ముందు వరసలోంచి అమ్మమ్మ. "ఆ కార్డు వొచ్చిన్నాడు మా మావగారు సదూకుని, 'బాగున్నాడంట' అనీసి తీగకి గుచ్చీసినారు. ఇంకో ముక్క సెప్నేదు. నాకు సదువు రాదు. అందులో ఏటున్నాదో ఇన్నాళ్ళూ ఎరగను."

సరే, భూతద్దం కంటికి ఆనించుకుని, పాఠం చెప్పే గొంతుతో అందుకున్నాను.

"'నాన్నకు నమస్కారాలు. నేను క్షేమం. ఇక్కడ నాకు మంచి గుంట దొరికింది.'"

చర్చిలో తలలన్నీ ఒక్కసారి పైకి లేచాయి. ఎందుకంటే మా వైపు గుంట అంటే ఆడపిల్ల. గుంటడంటే మగపిల్లాడు. గొయ్యిని మేం గొయ్యే అంటాం. మీలో కృష్ణా, గుంటూరు వైపు వాళ్ళు అప్పుడే నవ్వడం మొదలెట్టారని నాకు తెలుసు. కాస్త ఆగండి. నేను ఈ గడ్డ మీద పుట్టి పెరిగినవాణ్ణి. గుంట అన్న మాట నా చెవిన పడితే నాకు జడా రిబ్బనూ కనిపిస్తాయి గాని, పారా తట్టా కనిపించవు.

అక్కడితో ఆపేసి ఉండొచ్చు కదా అంటారు. భూతద్దంలోంచి చదివేవాడికి ఒకసారికి ఒక మాటే కనిపిస్తుందండీ, రాబోయే ప్రమాదం కనిపించదు.

"'పగలూ రాత్రీ గుంటతోనే ఉంటున్నాను.'"

"ఓలమ్మ!" అంది ఆడవాళ్ళ వరసలో ఎవరో.

"ఒరే, సరిగ్గా సూడు," అన్నాడు మావ లేచి నిలబడి.

"సూస్తన్నాను మావా. గుంటతోనే అనే ఉన్నాది."

"ఉంటే ఉన్నాది, అంత గట్టిగా సదవాలేటి?"

కాని నా నోరు అప్పటికే తర్వాతి వాక్యంలోకి దిగిపోయింది. "'ఈ గుంట లేకపోతే ఈపాటికి నేను ప్రాణాలతో ఉండేవాణ్ణి కాదు. ఈ సంగతి ఇంట్లో దానికి చెప్పవద్దు. బెంగ పెట్టుకుంటుంది.'"

మావ వచ్చి నా చేతిలో కార్డు లాక్కున్నాడు. అప్పటికి అయిపోయింది కూడా. ఇంకేముంది, 'ఇట్లు సామేలు' అని తప్ప.

అమ్మమ్మ నెమ్మదిగా లేచి నిలబడింది. "అదీ సంగతి," అంది. "ఆయన యుద్ధం కాణ్ణించి వొచ్చిన దినాన, గడపలో కాలెట్టకుండానే మా మావగారు కాలి జోడు తీసి ఎడాపెడా వాయించీసినారు. ఎందుకు కొట్టినారో ఆయనకీ తెల్దు, నాకూ తెల్దు. ఇయ్యాల తెలిసినాది." తర్వాత మావ వైపు తిరిగింది. "యోహానూ, నన్ను ఆ ముసిలోడి పక్కన ఎట్టకండి. గేటు కాడ ఎట్టండి. ఆ సోట్లో మేకల్ని పడుకోనియ్యండి."

తప్పు చేశానని నాకూ అనిపించింది. కాని పైకి ఒప్పుకుంటానా? బయట చెట్టు కింద భోజనాల దగ్గర మావ నన్ను పట్టుకుని, "నాలుగు మంచి ముక్కలు మాటాడమంటే సచ్చిపోయిన మా అయ్య సేత సిన్నిల్లు ఎట్టించీసినావేటిరా!" అంటే, ఛాతీ విరుచుకుని నిలబడ్డాను.

"నానేటి సేసినాను మావా? ఉన్నదే సదివినాను. చరిత్రని దాసీమంటావేటి?"

"నీ సరిత్ర తగలెయ్యా!" అంటూ మావ కార్డు నా మీదకి విసిరేశాడు. "మా అమ్మ గేటు కాడ పడుకుంటానంటన్నాదిరా!"

"నాకేటి తెలుసు? తాతనడుగు."

నాకు పులిహోర కూడా వడ్డించలేదు. పొగరుగా ఖాళీ కడుపుతో బస్సెక్కాను. పక్కన సుధ ముఖం ముడుచుకుని కూర్చుంది. రామభద్రపురం దగ్గర పడుతుండగా నోరు విప్పింది.

"ఏమండీ, మీవాళ్ళు మరీ ఇంత కఠినాత్ములు అనుకోలేదు."

"మరి తాత చేసిన పని అలాంటిది."

"ఏం చేశారని? పాపం, ప్రాణభయంతో గుంటలో దాక్కున్నారు. పైనుంచి బాంబులు పడుతుంటే ఎవరైనా దాక్కుంటారు. ఆ మాత్రానికి పిరికివాడని అంతలా ఆడిపోసుకోవాలా? కన్నతండ్రి చెప్పు పుచ్చుకుని కొట్టాలా? సమాధి పక్కన చోటు కూడా వద్దంటారా అమ్మమ్మగారు?"

"దాక్కోవడం ఏమిటి?"

"మీరేగా చదివారు, గుంటలో ఉంటున్నానని. గుంటంటే గొయ్యేగా? ఇంకేముంటుంది?"

"మా వైపు..." అన్నాను. "మా వైపు గుంటంటే పిల్ల."

సుధ నన్ను చూసింది. కిటికీలోంచి బయటకు చూసింది. మళ్ళీ నన్ను చూసింది. తర్వాత ఎంత నవ్విందంటే, కండక్టరు వచ్చి "అమ్మగారికి ఒంట్లో బాగోనేదేటి?" అని అడిగాడు.

కార్డు తీసి వెలుతురుకి పట్టుకున్నాం. "గుంటతోనే" కాదు, "గుంటలోనే". పొగకి సిరా చెదిరిపోయి, లో కాస్తా నా కంటికి తో అయి కూర్చుంది. అంతే! ఆ ఒక్క అక్షరానికే తాతకు ఒక బర్మా కాపురం పెట్టించి వచ్చాను.

"కాని తాతగారు మీ ఊరివారేగా, గొయ్యిని గుంటని ఎందుకు రాస్తారు?" అంది సుధ కళ్ళు తుడుచుకుంటూ.

అప్పుడు వెలిగింది. మా తాతకు అక్షరం ముక్క రాదు. మిషను బడి ఎగ్గొట్టి చేపలకు పోయిన మనిషి, చచ్చేదాకా వేలిముద్రే వేశాడు. ఆయన చెబుతుంటే పటాలంలో పక్కనున్న దక్షిణాది తెలుగువాడెవడో తన తెలుగులో రాసిపెట్టాడు. తాత గొయ్యి అన్నాడు, వాడు గుంట అని రాశాడు. సెన్సారు ముద్ర అంచుల్ని ఒక పూట చూసిన మహానుభావుణ్ణి, కార్డు రాసిన చెయ్యి ఎవరిదని ఒక్క నిమిషం ఆలోచించలేదు.

"ఆ రాసినవాడు మీ బాపట్ల వాడే అయ్యుంటాడు," అన్నాను కోపంగా.

"అయితే మంచి తెలుగు రాశాడు," అంది సుధ.

రామభద్రపురంలో దిగి ఆటోలో వెనక్కి పోయాం. అమ్మమ్మ వసారాలో కూర్చుని ఉంది. లోపల తాత ఫోటో గోడవైపు తిప్పేసి ఉంది. నన్ను చూడగానే మావ చుట్టూ చూశాడు, బహుశా కర్ర కోసం.

"అమ్మమ్మా, గుంట కాదు. గొయ్యి," అన్నాను రొప్పుతూ.

"ఏటి గొయ్యి?"

"తాత దొరికిందన్న గుంట. అది గొయ్యి."

"గుంట పేరు గొయ్యా?"

"పేరు కాదమ్మమ్మా! గొయ్యినే దక్షిణం వాళ్ళు గుంటంటారు. బాంబులు పడతంటే తాత అందులో దాక్కున్నాడు. రాసినవాడు తాత కాదు, ఆ వైపోడు. కావాలంటే దీన్ని అడుగు, ఇదీ ఆ వైపుదే."

"నిజమేనండి అమ్మమ్మగారూ," అంది సుధ. "మా వైపు గుంటంటే గొయ్యేనండి. పిల్లను పిల్లే అంటామండి."

మావ గెడ్డం గోక్కున్నాడు. "మరయితే మా తాత ఆయన్ని ఎందుకు కొట్టినట్టు?"

"ఆయన కూడా నాలాగే గుంటంటే పిల్లే అనుకున్నాడు మావా," అన్నాను. ఇక్కడ మాత్రం నా గొంతు పెరిగింది. "సూసినావా? మిషను బడిలో సదివిన మనిషే అలగ అనుకున్నాడు. తప్పు నాదొక్కడిదే అంటావేటి?"

అమ్మమ్మ భుజాలు కదలడం మొదలైంది. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది. నవ్వుతూ నవ్వుతూ ఉండగానే ఏడ్చింది.

"ఓర్నాయనో, గోతిలో దాక్కున్నందుకా జోళ్ళ దెబ్బలు తిన్నాడు నా మనిషి! ఎందుకని ఒక్క మాట అడగనేదు. అంత యుద్ధంలో ఉండి, నాను బెంగెట్టుకుంతానని నాకు సెప్పొద్దన్నాడు. నానేటి సేసినాను? ఆయన్ని గోడేపు తిప్పీసినాను." లేచి లోపలికి వెళ్ళి ఫోటోని తనే ఇటు తిప్పింది. కొంగుతో అద్దం తుడిచింది. నేను భూతద్దం తుడిచే నెపంతో కళ్ళు తుడుచుకున్నాను, చెప్పడానికి సిగ్గేమీ లేదు.

"యోహానూ," అని పిలిచింది.

"ఏటమ్మా?"

"నన్ను ఆయన పక్కనే ఎట్టండి. ఆ గుంటలో ఒక్కడూ ఉన్నాడు పాపం. ఈ గుంటలో నానుంటాను."

"అలాగేనమ్మా."

"అలాగే అని నిలబడతావేటిరా? బేగెల్లి ఆ మేకల్ని తోలీ!"

మావ, నేను, కర్రలు పుచ్చుకుని సమాధుల తోటకి పరిగెత్తాం. అప్పటికే నాలుగు మేకలు దర్జాగా పడుకుని నెమరేస్తున్నాయి.

కనుక పాఠకులారా, నా భూతద్దం మీద చెయ్యేసి ప్రమాణం చేస్తున్నాను. చచ్చిపోయినవాడి కార్డుని బతికున్న పెళ్ళాం ఎదుట ఇక ఈ జన్మలో చదవను. ఏ కార్డు దొరికినా ముందు బాపట్ల ఆడపడుచుకి చూపించి, ప్రతి లో దగ్గరా ప్రతి తో దగ్గరా ఆమె చేత ఔననిపించుకుంటాను. అంతవరకే. కార్డులు మానెయ్యమని మాత్రం అడక్కండి. నెత్తిన బాంబులు పడుతున్నా మా తాత తన గుంటను వదిలాడా? నేనూ వదలను.