కుప్పం ఫైనల్లో గట్టిమేళం

ఆ రోజుల్లో వేసవి సెలవులొచ్చాయంటే మా ఇంట్లో రెండే పనులు. నాన్న నాదస్వరం ఊదేవాడు, నేను కబడ్డీ ఆడేదాన్ని. తొంభైల నడిమి సంగతి ఇది. ఊరు పుంగనూరు. అప్పుడు నేను పదో తరగతి పరీక్షలు రాసి, ఫలితాల భయం మరిచిపోవడానికి పొద్దస్తమానం ఉరుకుతూ ఉండేదాన్ని. (ఇప్పుడు నన్ను చూసినవాళ్లు నమ్మరు. నమ్మమని నేనూ బలవంతపెట్టను.) మదనపల్లె చల్లని ఊరని చెప్పుకునేవాళ్లు ఆ మే నెలలో అక్కడి మైదానంలో ఒట్టి కాళ్లతో ఒక్కసారి నిలబడి ఉంటే తెలిసేది. మేము కాళ్లు కాలకుండా ఉండటానికి గెంతుతుంటే, చూసేవాళ్లు అదేదో ఆటలో మెళకువ అనుకుని చప్పట్లు కొట్టేవాళ్లు.

ఆ వేసవి కబడ్డీ పోటీల్లో మా ఊరి ఆడపిల్లల జట్టు బాగా ఆడుతోంది. నేను కూతకు వెళ్లేదాన్ని. అంటే 'కబడ్డీ కబడ్డీ' అంటూ ఊపిరి వదలకుండా అవతలి జట్టులోకి వెళ్లి, ఎవరినో ఒకరిని తాకి తిరిగి గీత దగ్గరికి రావాలి. ఆటలు గెలుస్తున్నా నాకొక దిగులుండేది. నాన్న ఒక్క ఆటకూ రాలేదు. మేము మదనపల్లెలో ఆడుతుంటే ఆయన సదుంలో పెళ్లికి ఊదుతుండేవాడు. మేము ఊళ్లోనే ఆడితే ఆయన పెద్దతిప్పసముద్రంలో ఉండేవాడు. మిగతా పిల్లల నాన్నలు గొడుగులు వేసుకుని గట్టు మీద కూర్చుని, మాకంటే పెద్దగా అరిచేవాళ్లు. నేను ఎవరినైనా ఔట్ చేసి వచ్చి అటువైపు చూస్తే, వాళ్లలో మా ఇంటివాళ్లెవరూ ఉండేవాళ్లు కాదు. చాలా కష్టంగా ఉండేది.

"ఒక్క ఆటన్నా వచ్చి సూడు నాన్నా," అని రోజూ పోరేదాన్ని.

"ఈ ముహూర్తాలు అయిపోనీ పాపా, వస్తా," అనేవాడాయన. ముహూర్తాలు అయిపోయేది ఆషాఢానికి. అప్పటికి బడులు తెరిచేస్తారు.

"పెండ్లిండ్ల కాలంలో ఆటలు పెట్టుకుంటే ఆయప్ప మాత్రం ఏం జేస్తాడు?" అని అమ్మ నన్నే కసిరేది.

అట్లాంటిది, ఫైనల్ కుప్పంలో పెట్టారు. పోటీలు నడిపించే రైస్‌మిల్లు మామకు (మాకు చుట్టం కాదు, ఊరందరికీ మామే) ఏది జరిగినా మేళం ఉండాలి. ఆయన మిల్లులో కొత్త మోటారు బిగించినా డోలు మోగాల్సిందే. ఆ ఫైనల్‌కు మేళం కావాలని కబురు పంపింది నేరుగా మా నాన్నకే. ఆ మాట విన్నాక నాకు రెండు రోజులు అన్నం సయించలేదు. గెలవడం సంగతి తరువాత, నాన్న చూస్తాడు కదా అని.

ఆట రోజున మైదానం పక్కన కొబ్బరాకుల పందిరి వేసి, అందులో మేళాన్ని కూర్చోబెట్టారు. నాన్న నాదస్వరం, చిన్నాన్న డోలు. రెఫరీగా వచ్చినాయన ఎండకు తడి టవలు నెత్తిన వేసుకున్నాడు కాబట్టి ఆయన్ను టవలు సారు అందాం. పెళ్లిలో తాళి కట్టే సమయానికి పంతులు నోట్లో మంత్రం ఆపలేడు కాబట్టి చెయ్యి పైకెత్తి ఊపుతాడు. అది చూడగానే మేళంవాళ్లు ఏం వాయిస్తున్నా వదిలేసి, ఉన్న బలమంతా పెట్టి గట్టిమేళం అందుకోవాలి. ఒక్క క్షణం ఆలస్యమైనా పెళ్లివాళ్లు ఏడాది పాటు తిట్టుకుంటారు. నాన్నకు, చిన్నాన్నకు అది రక్తంలో కలిసిపోయిన అలవాటు.

మొదటి కూతలోనే నేను ఇద్దరిని తాకి వచ్చాను. మాకు పాయింట్లు ఇస్తూ టవలు సారు చెయ్యి పైకెత్తాడు. అంతే, పందిట్లోంచి గట్టిమేళం లేచింది. గట్టు మీది ఆడవాళ్లు అలవాటుకొద్దీ చేతుల్లోని బొరుగులు అక్షింతల్లాగా మా మీద చల్లేశారు. ఒక ముసలామె కళ్లకు కూడా అద్దుకుంది. జనం నవ్వారు, నేనూ నవ్వాను. కానీ కబడ్డీలో రెఫరీ చెయ్యెత్తని నిమిషం ఉండదు. ఎత్తినప్పుడల్లా గట్టిమేళమే. రెండో కూతకు నేను లోపలికి పోయాక, ఎవరో గీత దాటారని సారు చెయ్యెత్తాడు. డోలు హోరులో నా కూత నాకే వినపడలేదు. "కూత వినపడలా, ఔట్," అన్నాడాయన. అరిచి అరిచి నా గొంతు పోయింది. అవతలి జట్టుదీ అదే గతి. చివరికి టవలు సారే పందిరి దగ్గరికి నడిచి వెళ్లాడు.

"అయ్యా, మీకు దండం పెడతా. ఇది పెండ్లి కాదు."

"మాదేముందప్పా," అన్నాడు చిన్నాన్న. "మీరు చెయ్యెత్తితిరి, మేము వాయిస్తిమి."

వాయిద్యాలు కింద పెట్టాల్సిందే అన్నాడు సారు. నాన్న నాదస్వరాన్ని గుడ్డసంచిలో పెట్టేశాడు. ఆటలో మిగిలింది ఒక్క కూత, అదీ నాదే. ఒక్క పాయింటు వెనకబడి ఉన్నాం.

వెళ్లాను. ఒకమ్మాయిని తాకాను. ఇంకొకరిని తాకి వద్దామని ఆశపడ్డాను. అక్కడ రామకుప్పం పిల్ల ఒకతి ఉంది. రాగిచేలల్లో పడే ఏనుగులను తోలి పెరిగిన పిల్లకు నేనొక లెక్కా? నా చీలమండను ఒడిసి పట్టుకుంది. ఆ వెంటనే మిగతావాళ్లు మీద పడ్డారు. 'కబడ్డీ కబడ్డీ' అంటూనే, వాళ్లందరినీ మోసుకుంటూ మోచేతుల మీద పాకాను. గీత జానెడు దూరంలో ఉండగా ఊపిరి అయిపోయింది. సారు చెయ్యెత్తాడు. ఈసారి మేళం మోగలేదు. నోట్లో మట్టి, కళ్లల్లో నీళ్లు. ఓడిపోయాం.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని పలమనేరు దాకా ఎవరితోనూ మాట్లాడలేదు. తరువాత ఉండబట్టలేక అడిగాను.

"మొదటి కూత సూసినావా నాన్నా? ఇద్దర్ని ఔట్ చేస్తి."

"సూళ్ళేదమ్మా. పంతులు చెయ్యి మీద కన్ను పెట్టుకోని ఊదేది మాకు అలవాటు. ఇన్ని పెండ్లిండ్లకు వాయిస్తిని, ఒక్క పెండ్లికూతురి మొగం సూసింది లేదు. ఈపొద్దు గూడా ఆ టవలాయప్ప చెయ్యే సూస్తా ఉంటి."

ఆ మాటకు నాకు మళ్లీ ఏడుపొచ్చింది. వేసవంతా ఎదురుచూసింది ఇందుకా అనిపించింది.

"మరి ఏం సూసినావు?"

"మేళం కింద పెట్టినాక సూస్తి గదా."

"అది నేను ఔటయింది నాన్నా."

"ఔటో గిటో నాకు తెలీదు పాపా. అంతమంది మీద పడినా కూత నిలపకుండా వస్తివి సూడు." ఆయన సంచిలోని నాదస్వరాన్ని ఒళ్లోకి సర్దుకున్నాడు. "అంత దమ్ము నాకు గూడా లేదు."

నేను కిటికీ వైపు తిరిగిపోయాను. పుంగనూరు వచ్చేదాకా నా మొహం మీది నవ్వు ఎవరికీ కనపడకుండా దాచుకోవడానికి చాలా అవస్థ పడ్డాను. ఆ తరువాత నాన్న ప్రతి పెళ్లిలోనూ, భోజనాల దగ్గర, మా పాపను పట్టుకోవడానికి ఎంతమంది కావాల్సి వచ్చిందో చెప్పేవాడు. ఆషాఢం నాటికి ఆ సంఖ్య తొమ్మిదికి చేరింది. (కబడ్డీ జట్టులో ఉండేది ఏడుగురే. ఆ సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేదు, నేనైతే అసలే చెప్పలేదు.)

ఇప్పుడు మా ఇల్లు రెండో అంతస్తులో ఉంది. కూరగాయల సంచితో మెట్లెక్కి వచ్చి, తలుపు పట్టుకుని ఆయాసపడుతుంటే మా అమ్మాయి నవ్వుతుంది, "నీకసలు దమ్ము లేదమ్మా," అని. నాదస్వరం ఊదే మనిషి ఒకాయన నా దమ్ము గురించి ఏమన్నాడో దానికి చెప్పాలని ఎప్పుడూ అనుకుంటాను. ముందు ఊపిరి అందాలి కదా.