బస్సెక్కిన ప్రహ్లాద శెట్టి

నంద్యాలలో కందిపప్పు కొట్టు నడిపే ప్రహ్లాద శెట్టి ప్రతి శనివారం ఉదయం బాకీల వసూలుకు ఆళ్లగడ్డ బస్సులో కిటికీ పక్కన కూర్చుంటాడు. తెల్లని పంచె, ఒళ్లో గుడ్డసంచి, అందులో స్టీలు సీసా, పెరుగన్నం డబ్బా. శనగకాయలు తిన్న పొట్లం కాగితాన్ని సైతం నాలుగు మడతలు వేసి జేబులో పెట్టుకుంటాడు. పోయిన వేసవిలో కారులో అహోబిలం వెళ్లినప్పుడు అక్కడి అడవి వాగులో నీళ్లకన్నా ఖాళీ ప్లాస్టిక్ సీసాలే ఎక్కువగా కనిపించాయి. దారిలో తన కారులోంచి తాను విసిరినవి మూడు ఆయనకు గుర్తొచ్చాయి. అప్పటినుంచి చెత్తయినా పొగయినా తనవల్ల పెరగకూడదని, ఒక్కడే వెళ్లాల్సి వస్తే కారు తీయడం లేదు.

కారున్న షావుకారు బస్సెక్కాడంటే వ్యాపారం పోయిందనే అనుకున్నారు జనం. ఆ మాట ఆళ్లగడ్డ దాకా పాకింది. శెట్టి కొడుకు శరత్‌కు పిల్లనిస్తానన్న ఆ ఊరి నరహరి ముహూర్తం పెట్టకుండా నాన్చాడు. "పెండ్లయ్యేదాకైనా కారులో తిరగండి" అని భార్య బతిమాలింది. శెట్టికీ భయమేసింది. అయినా ఆ శనివారం బస్సే ఎక్కాడు. సంగతి తేల్చుకుందామని నరహరి ఎదురొచ్చి, దారిలోని శిరివెళ్లలో అదే బస్సెక్కి పక్కన కూర్చున్నాడు.

"ఏందన్నా, కారు అమ్మేసినావంట?"

"లేదప్పా, ఇంటి ముందరే ఉండాది. మా ఆమె దాని మీద వడియాలు ఎండబెడతాండాది."

"మరి నీకు ఈ తిప్పలేంది?"

శెట్టి వాగు సంగతి చెప్పాడు. తన మూడు సీసాలనూ దాచలేదు. నరహరి శెట్టి ఒళ్లోని స్టీలు సీసా కేసి చూసి తలూపాడు.

"పెండ్లికి పది కార్లు మాట్లాడాలని మావోళ్లు ఒకటే గోల చేస్తాండారు. ఒక బస్సు చాల్లే. ముహూర్తం ఎప్పుడు పెట్టుకుందామో చెప్పన్నా!"