మా చిమ్నీ పొగ ఎక్కడికి పోయింది

చెన్నైలో, షోళింగనల్లూరులో మేం ఫ్లాటు కొనుక్కున్నప్పుడు మా ఆయనకు అన్నిటికంటే ఎక్కువగా నచ్చింది వంటిల్లు. ఆయన వంట చేయరు. అందుకే ఆ ఇష్టం ఇప్పటికీ చెక్కుచెదరలేదు. గోడంతా తెల్లటి అరలు, పిడి కనబడని తలుపులు, పొయ్యి పైన నల్లటి అద్దంతో వాలుగా నిలబడ్డ చిమ్నీ. దాని ముందు చెయ్యి అలా ఊపితే తిరుగుతుంది, ఇలా ఊపితే ఆగిపోతుంది. ఇంటికి ఎవరొచ్చినా కాఫీ కంటే ముందు ఆ చెయ్యి ఊపుడు చూడాల్సిందే.

ఆ చిమ్నీకి ఆటో క్లీన్ అని ఒక మీట ఉంది. అది నొక్కితే లోపల వేడి పుట్టి, పట్టిన జిడ్డంతా కరిగి కిందికి దిగుతుందని దాంతోపాటు ఇచ్చిన పుస్తకంలో రాసుంది. దిగి ఎక్కడికి పోతుందో తర్వాతి పేజీలో రాసుంది. ఆయన తర్వాతి పేజీ తిప్పలేదు. ప్రతి ఆదివారం పొద్దున్నే స్నానం చేసి, టిఫిను తిని, ఆ మీట నొక్కి, ఎర్ర లైటు వెలిగి ఆరేదాకా చేతులు కట్టుకుని నిలబడేవారు. ఆ తర్వాత "వంటింటి పని అయిపోయింది" అని ప్రకటించి హాల్లోకి వెళ్ళిపోయేవారు. మూడేళ్ళు మా వంటింట్లో ఆయన వాటా అది. నేను మాత్రం ఏం తక్కువ తిన్నాను? అద్దాన్ని పైపైన గుడ్డతో తుడిచి, అందులో నా మొహం కనబడితే చిమ్నీ శుభ్రంగా ఉన్నట్టే అనుకునేదాన్ని.

అప్పుడప్పుడూ పై అరల తలుపులు చేతికి జిగురుగా తగిలేవి. అడిగితే "సముద్రం గాలి" అనేవారు మా ఆయన. గోడ గడియారం ఆగినా, బీరువా తలుపు పట్టేసినా ఆయన లెక్కలో సముద్రం గాలే. పాపం, సముద్రం మా ఫ్లాట్ల అసోసియేషన్ మీటింగులకు వచ్చి జవాబు చెప్పుకోలేదు కదా.

ఈ పరిస్థితుల్లో మా నాయన వచ్చాడు. పెరంబూరులో రైలు పెట్టెలు తయారుచేసే చోట రేకు పని చేసి రిటైరైన మనిషి. కుడికంటికి శుక్లం ఆపరేషన్ అయింది. అమ్మ మా చెల్లెలి కాన్పుకని వెళ్ళడంతో, కన్ను కుదుటపడేదాకా మా ఇంట్లో ఉండమని నేనే పట్టుబట్టాను. నల్లద్దాలు, మూడు రకాల చుక్కల మందు, వంగకూడదు, బరువెత్తకూడదు, పొగ తగలకూడదు. పొగ తగలకూడదన్నారు కాబట్టి నేను నాయన కుర్చీని నేరుగా వంటింటి గుమ్మం ఎదురుగా వేశాను. చిమ్నీ ఉన్న ఇంట్లో పొగెక్కడిది?

రెండో రోజే నాయన అన్నాడు, "ఏంది పాపా, నిన్నటి చేపల పులుసు వాసన ఇంకా ఈడే ఉండాది?"

"నీ చుక్కల మందు వాసన అయ్యుంటుందిలే నాయనా" అన్నాను.

"నా కంటికి చేపల పులుసు పోస్తా ఉండావా?" అన్నాడు.

ఆ ఆదివారం మా ఆయన యథాప్రకారం మీట నొక్కి, ఎర్ర లైటు ఆరాక హాల్లోకి వెళ్ళారు. నేను మసాలా వడలకు నూనె పెట్టాను. రెండో వాయి వేస్తుండగా చిమ్నీ అంచు నుంచి తేనె రంగు చుక్క ఒకటి జారి పొయ్యి మంట మీద పడింది. చుర్రుమంది. ఇంకోటి పడింది. మూడోది పడేసరికి మంట బాండలి పక్కనుంచి ఎగిరి చిమ్నీ ఫిల్టరు అంచును అందుకుంది. అక్కడి జిడ్డు అంటుకుంది. చిమ్నీ ఆ మంటను ఎంతో శ్రద్ధగా పైకి లాక్కోవడం మొదలుపెట్టింది. దాని పని అదే కదా.

నేను జల్లిగంటె పట్టుకుని కొయ్యబారిపోయాను. నా కేక విని మా ఆయన బిందెడు నీళ్ళతో పరిగెత్తుకొచ్చారు.

"అల్లుడుగారూ, నీళ్ళు వొద్దు! నూనె ఎగిరి మీ మొహాన పడతాది!" నాయన కుర్చీలోంచి లేచాడు. "పాపా, గ్యాసు కట్టెయ్. ఆ ఫ్యాను ఆపండి ముందు!"

మా ఆయన బిందె కింద పెట్టి చిమ్నీ ముందు చెయ్యి ఊపారు. కంగారులో ఏ వైపు ఊపారో, అది ఇంకా వేగంగా తిరిగింది. మళ్ళీ ఊపారు. లైటు వెలిగింది. ఈలోగా నేను గ్యాసు కట్టేశాను. నాయన మా ఆయన్ని పక్కకు జరిపి, గోడమీది స్విచ్చు కట్టేసి, పక్కనున్న పెద్ద పళ్ళెం తీసి బాండలి మీద మూత పెట్టాడు. అంతే. లాగే గాలి, కింది మంట రెండూ ఆగాక ఫిల్టరు అంచున నాలుగు నీలి నాలుకలు ఆడి ఆరిపోయాయి. మొత్తం ఒక నిమిషం కూడా పట్టలేదు.

నాయన గ్లాసెడు మంచినీళ్ళు తాగి అడిగాడు, "దీన్ని ఎప్పుడు కడిగినారు?"

"ఇది ఆటో క్లీన్ మామయ్యగారూ. దాన్నదే కడుక్కుంటుంది" అన్నారు మా ఆయన, ఇంకా ఆ నమ్మకంతోనే.

"సరి. కడుక్కున్న జిడ్డు కప్పులో పడతాది గదా. ఆ కప్పు ఎవరు వొంపుతారు?"

"ఏ కప్పు?"

ఆ కప్పు చిమ్నీ అడుగున, మా కళ్ళెదురుగానే మూడేళ్ళుగా ఉంది. అంచుల దాకా నిండి ఉంది. ఆ పొద్దున ఎర్ర లైటు కరిగించిన కొత్త జిడ్డుకు అందులో చోటు లేక నా వడల మీదికి వచ్చిందన్నమాట. ఫిల్టర్లు విప్పితే జిడ్డు కింద రేకు కనబడలేదు. నాయన వేలితో గీరి, ఎడమ కంటికి దగ్గరగా పెట్టుకుని చూశాడు. ఒక్క కన్నుతో, అదీ నల్లద్దాల వెనకనుంచి, మా నాలుగు కళ్ళకు మూడేళ్ళుగా కనబడనిది చూశాడు.

అంతటితో అయిపోతే బాగుండేది. నాయన పైకి చూస్తూ, "సరి, ఈ పొగంతా ఏడికి పోతాండాది?" అన్నాడు.

"బయటికి" అన్నాం ఇద్దరం ఒకేసారి.

"బయట ఏడ? నేను పొద్దున్నే ఆ వరండాలో నడుస్తా ఉండా గదా. మీ వంటింటి గోడకు బొక్కే లేదే."

మేమిద్దరం చదువుకున్నవాళ్ళం. పొగ ఎక్కడికి పోతుందని మాకు ఎప్పుడూ అనుమానం రాలేదు.

నిచ్చెన వేశాం. నాయనకు ఎక్కడం నిషేధం కాబట్టి మా ఆయనే ఎక్కారు. చిమ్నీ పైన ఉన్న అటక తలుపు తీసి తల లోపల పెట్టారు.

"ఏమండీ, ఏముంది?"

"గొట్టం ఉంది" అన్నారు. ఆ గొంతు నేను అంతకుముందు విననిది. "ఇక్కడితో ఆగిపోయింది."

అల్యూమినియం గొట్టం అటకలోకి వచ్చి, అక్కడే నోరు తెరుచుకుని ఉంది. మూడేళ్ళ తాలింపులు, చేపల వేపుళ్ళు, అప్పడాలు అన్నీ అటకలోనే దాచుకున్నాం. ముందుగా కిందికి దిగింది, ఆఫీసులో పనితీరును మెరుగుపరిచినందుకు మా ఆయనకు ఇచ్చిన ప్రశంసాపత్రం. అద్దం మీద పసుపు రంగు జిగురు, దాని మీద దుమ్ము. ఆ తర్వాత దిగింది పరుపు. నా పెళ్ళప్పుడు నాయన దగ్గరుండి కుట్టించిన బూరుగుదూది పరుపు. కొత్త మంచానికి సైజు సరిపోలేదని నేను దాన్ని అటకెక్కించాను. గొట్టం నోటికి ఎదురుగా ఉన్న వైపు నూనెతో తడిసి నల్లగా ఉంది.

నాయన దాన్ని చేత్తో నొక్కి చూశాడు. "ఇది పరుపు కాదు పాపా, దీపం వొత్తి" అన్నాడు. అటక వైపు చూసి, "ఆ మంట ఇంకొంజెం పైకి పోయుంటే..." అని, మాట పూర్తి చేయకుండా లేచి వెళ్ళి మందు వేసుకునే వేళ కాకపోయినా మందు వేసుకున్నాడు. ఆ రోజంతటికీ నాకు నిజంగా భయం వేసింది అప్పుడే. బతుకంతా రేకు గొట్టాలు వంచిన మనిషి కూతుర్ని నేను. తల ఎత్తి చూడలేదు.

మా ఆయనకు భయం బదులు కోపం వచ్చింది. వంటిల్లు కట్టించిన ఇంటీరియర్ మనిషికి ఫోన్ చేసి, స్పీకర్ పెట్టి దులిపేశారు. అవతలి మనిషి అంతా విని, తమిళంలో చాలా మర్యాదగా చెప్పాడు: బయటి గోడకు ఎవరూ బొక్కలు కొట్టకూడదని మీ అసోసియేషన్ సర్క్యులర్ పంపింది సార్, సెక్రటరీ సంతకంతో సహా నా దగ్గర ఉంది, చదవమంటారా?

చదవక్కర్లేదని మా ఆయన ఫోన్ పెట్టేశారు. తాళాలు చేతికొచ్చిన నెలలోనే పోటీ లేకుండా సెక్రటరీ అయింది ఆయనే. భవనం అందం చెడకూడదని ఆయన రాసిన మొట్టమొదటి సర్క్యులర్ అది. అప్పుడు నేనే స్వీటు చేశాను.

ఇప్పుడు బొక్క కొట్టాలంటే అసోసియేషన్ అనుమతి కావాలి. మా ఆయన నియమాల మనిషి. సెక్రటరీకి ఈమెయిల్ రాశారు. పది నిమిషాల తర్వాత సెక్రటరీ హోదాలో జవాబిచ్చుకున్నారు: మీ విన్నపం అందింది, వచ్చే సమావేశంలో పరిశీలిస్తాం.

"మీకు మీరే ఉత్తరం రాసుకుంటిరా అల్లుడుగారూ?" అన్నాడు నాయన.

"పద్ధతి అండీ మామయ్యగారూ."

"సరి, సరి. పద్ధతి కావాల్సిందే" అని నాయన మొహం తిప్పుకుని నవ్వుకున్నాడు.

శనివారం సాయంత్రం కింద హాల్లో సమావేశం. నియమం సడలించాలని మా ఆయన మొదలుపెట్టగానే, అందం సంగతేమిటని ఒకాయన లేచాడు. మా ఆయన రాసిన పాత సర్క్యులర్‌లోని వాక్యాలే తిరిగి మా ఆయనకే అప్పజెప్పాడు. అప్పుడు నాయన నల్లద్దాలతో మెల్లగా నడుచుకుంటూ వెళ్ళి, ప్లాస్టిక్ కవర్లోంచి పరుపు ముక్క తీసి బల్ల మీద పెట్టాడు. "మీ ఇండ్లలో గొట్టం ఏడిదాకా పోయిందో తలుపు తీసి చూస్తిరా?" అన్నాడు. అంతే, కూర్చున్నాడు.

సగం మంది అక్కడినుంచే ఇంటికి ఫోన్లు చేశారు. గొట్టం నోటి ముందు ఒకావిడ అటకలో పట్టుచీరల పెట్టె, ఇంకొకరి అటకలో పిల్లల పాత పుస్తకాలు. అందం గురించి అడిగిన పెద్దమనిషి మా వరసలోనే ఉంటాడు. నిచ్చెన ఎక్కి వచ్చాక నియమం సడలించే తీర్మానం ఆయనే చదివాడు.

తర్వాతి వారం మిషన్ తెచ్చి గోడకు గుండ్రంగా బొక్క కొట్టించాం. నాయన కుర్చీ వేసుకుని పక్కనే కూర్చుని, "వంపులు పెట్టొద్దప్పా, వంపు ఉన్న కాడల్లా జిడ్డు నిలబడతాది" అని పనివాణ్ణి కదలనివ్వలేదు. బయట పావురాలు దూరకుండా మూత పెట్టించాడు. పని అయ్యాక వరండాలోకి వెళ్ళి, ఆ మూత దగ్గర అరచెయ్యి పెట్టి నిలబడ్డాడు. లోపల నేను ఆవాలు వేశాను. "వస్తా ఉండాది! గాలి వస్తా ఉండాది!" అని బయటినుంచి కేక వినబడింది.

పెరంబూరుకు వెళ్ళేముందు నాయన మా ఆయనకు అన్నీ నేర్పించాడు. ఫిల్టర్లు వేడినీళ్ళలో వంటసోడా, సబ్బు వేసి నానబెట్టాలి. పూర్తిగా ఆరాకే బిగించాలి. కప్పులోది పాత పేపర్లో వొంపి చెత్తలో వేయాలి. మా ఆయన అంతా రాసుకుని, తేదీలతో పట్టిక చేసి ఫ్రిజ్ మీద అతికించారు. మొదటి విడత రోజున గ్లవుజులు వేసుకుని, నన్ను వంటింట్లోకి రావద్దని చెప్పి, గంటన్నర పనిచేశారు. ఫిల్టర్లు నిజంగానే తళతళలాడాయి.

కప్పులోది మాత్రం సింకులో పోశారు. మర్నాడు సింకు మూసుకుపోయింది. ప్లంబరు వచ్చి గొట్టం విప్పి, నెయ్యిలా గడ్డకట్టినదాన్ని చూపిస్తే, మా ఆయన ఎంతో ఆసక్తిగా ఫొటో తీసుకున్నారు.

నాయనకు ఫోన్ చేసి చెప్పాను.

"పరవాలేదులే పాపా" అన్నాడు. "ఈసారి గొట్టం విప్పి చూసినారు గదా."