పసుపు కాలూ నీలి వెలుగూ

మా అక్కకు బొటనవేలి కింద, అరికాల్లో పుండు లేచింది. షుగరు మనిషి కాబట్టి నొప్పి తెలియలేదు. రేపల్లె మార్కెట్లో చేపల తట్ట ముందు తెల్లవారినప్పటి నుంచీ తడి నేల మీద నిలబడే పని ఆమెది. పుండు మీద బరువు పడకూడదని, పడితే వేలు తీసెయ్యాల్సి వస్తుందని డాక్టరు చెప్పాడు. వేలు పోతే నిలబడలేదు. నిలబడలేకపోతే తట్ట లేదు. తట్ట లేకుండా ఇంట్లో కూర్చున్న అక్కను నేను ఊహించుకోలేకపోయాను.

తెనాలిలో ఇలాంటి కాళ్లకు చెప్పులు చేసే ఒకాయన ఉన్నాడు. మెత్తటి దిమ్మె మీద కాలు నొక్కించి అచ్చు తీసుకున్నాడు. బరువు మోపగానే పుండు చుట్టూ కండ చదునైపోయింది, అచ్చు తప్పింది. ఆ చెప్పులు తొడిగాక పుండు ఇంకా ఎర్రబడింది. బాపట్లలో ఒక ఇంజనీరింగ్ కాలేజీ మేడం కాలిని ముట్టుకోకుండా వెలుగుతో కొలుస్తుందని, ఆ కొలత పంపిస్తే తన మిషను అచ్చం అలాగే చెప్పు అడుగు చెక్కుతుందని ఆయనే చెప్పి పంపించాడు. తెనాలిలో రైలు మారి వెళ్లాం.

మేడం మా ఇంట్లో పిల్లల వయసుది. కిటికీలకు నల్ల తెరలు కట్టిన గదిలో అక్కను కూర్చోబెట్టి, మడమ కింద మెత్త పెట్టి, అరికాలు కెమెరా వైపు తిప్పింది.

"ఏంటమ్మాయ్, ఫొటో కాలికేనా? మొహానికి తియ్యవా?" అంది అక్క.

"మొహం బాగానే ఉంది పెద్దమ్మా. చెప్పులు తొడిగేది కాళ్లకి కదండి."

గోడవైపు పెట్టిన ప్రొజెక్టరు నుంచి నీలి వెలుగు చారలు వచ్చి అక్క కాలి మీద పడ్డాయి. మొదట వెడల్పు చారలు, తర్వాత సన్నవి, ఇంకా సన్నవి. తిన్నగా రావలసిన చార మడమ దగ్గర వంగింది, వేళ్ల దగ్గర మెలిక తిరిగింది. ఆ వంపును బట్టే ఎత్తుపల్లాలు తెలుస్తాయని మేడం చెప్పింది. కాలి మీద ప్రతి చుక్కా ఒకసారి వెలుగులో, ఒకసారి చీకట్లో ఉంటుంది. ఆ వెలుగు చీకట్ల వరసే ఆ చుక్కకు పేరు. నాకు అక్షరాలు వచ్చింది యాభై దాటాక. బ కింద చిన్న గీత చూడక భ ను బ గా చదివి నవ్వులపాలైన దాన్ని. అందుకే నాకు చప్పున అర్థమైంది. చుక్క పేరులో ఒక్కటి తప్పు చదివితే కాలే మారిపోతుంది.

మేడం అదే చారలను తిరగేసి కూడా వేసింది. నలుపున్న చోట వెలుగు, వెలుగున్న చోట నలుపు. రెండూ పోల్చి, తేడా స్పష్టంగా లేని చుక్కను కంప్యూటరు వదిలేస్తుంది. ఊహించి చెప్పదు. ఆ పద్ధతి నాకు చాలా నచ్చింది.

కంప్యూటరు తెర మీద అక్క కాలు మట్టిబొమ్మలా లేచింది. వేళ్ల చుట్టూ, పుండు చుట్టూ మాత్రం చెదలు తిన్నట్టు కంతలు. మేడం వెలుగు పెంచింది, తగ్గించింది. కంతలు పోలేదు. ఆఖరికి లైటు వేసి, కాలి దగ్గర నేల మీద కూర్చుని చూసింది.

"పెద్దమ్మా, పసుపు రాసుకున్నారా?"

"రాసుకోకుండా ఎట్టా వస్తా? పరాయి ఊళ్లో కాలెత్తి చూపించాలాయె. మా ఆయన గుండ్రాయిలా ఉన్నాడు, బోసి కాళ్లతో రమ్మంటావా? పుండుకి మంచిదని అక్కడ ఇంకాస్త దట్టించా."

మేడం తల పట్టుకుని నవ్వింది. "పసుపు నీలి వెలుగుని మింగేస్తుందండి. కాలేజీ పిల్లల కాళ్ల మీదే పరీక్ష చేశాను. పసుపు కాళ్లొస్తాయని నాకు తట్టాలి కదా."

అక్క కుళాయి దగ్గర సబ్బుతో రుద్దుకొచ్చింది. పసుపు పోతుందా? మేడం తెనాలి ఆయనకు ఫోన్ చేస్తే, "చిన్న కంతలే కదండీ మేడం, చుట్టూ చూసి పూడ్చెయ్యండి. కంప్యూటరే పూడుస్తుందిగా," అన్నాడు.

"కంత ఉన్న చోటే పుండు ఉందండి," అంది మేడం. ఫోన్ పెట్టేసింది.

అక్క కాలు మళ్లీ కెమెరా ముందు పెట్టించి, నీలం ఇంకోసారి తీసి, తర్వాత ఎర్ర వెలుగు వేసింది. పసుపు దాన్ని మింగలేదు గానీ, ఎరుపు చర్మంలోకి దిగడంతో సన్న చారల అంచులు అలుక్కుపోయాయి. అప్పుడు వెడల్పు చారలు తీసుకుని, వాటినే కాస్త కాస్త పక్కకు జరుపుతూ, వెలుగు తగ్గించి కొన్ని, పెంచి కొన్ని బొమ్మలు తీసింది. నీలం బాగా చదివిన చోట నీలాన్నే ఉంచింది. అది చదవలేని చోట ఎరుపును తెచ్చింది. రెండూ చదివిన చోట రెండింటి మాటా ఒకటేనా అని సరిచూసుకుంది. మధ్యాహ్నం భోజనానికి కూడా లేవలేదు. కాలు కదిలితే మళ్లీ మొదటికి వస్తుంది కాబట్టి అక్క బొమ్మలా కూర్చుంది. పుట్టి బుద్ధెరిగాక అక్క అంతసేపు మాట్లాడకుండా ఉండడం నేను చూడడం అదే మొదటిసారి.

కంతలు ఒక్కొక్కటే మూసుకున్నాయి. పుండు గట్టు ఎంత ఎత్తుందో, మధ్య పల్లం ఎంత లోతుందో తెర మీద కనిపించింది. మేడం ఆ ఆకారాన్ని నాలుగు వైపులా తిప్పి చూసి, ఒక్క చోట నమ్మకం కుదరక మళ్లీ తీసింది. చదువు ఉన్నవాళ్లను చాలామందిని చూశాను. తెలియనిదాన్ని తెలియదని ఉంచి, తెలిసేదాకా వదలని మనిషిని అంత దగ్గరగా చూడడం నాకు కొత్త.

కొత్త చెప్పులు తెనాలి నుంచి వచ్చాయి. అడుగున పుండుకు సరిగ్గా తగిన పల్లం. తర్వాత వెళ్లినప్పుడు డాక్టరు కాలు తిప్పి చూసి, ఎరుపు తగ్గింది, పుండు మూసుకోవడం మొదలుపెట్టింది, వేలి జోలికి వెళ్లక్కర్లేదు అన్నాడు. పూర్తిగా మానడానికి ఇంకా టైం పడుతుందట. తట్ట దగ్గర పీట వేసుకుని కాసేపు కూర్చుంటూ, కాసేపు నిలబడుతూ అమ్ముకోవచ్చన్నాడు.

అక్క మార్కెట్లోకి వచ్చిన రోజు పక్క తట్ట ఆమె ఆ లావుపాటి చెప్పుల వంక చూసింది.

"ఏంటక్కా, బూట్లు తొడిగావు? ఆఫీసరమ్మవయ్యావా?"

"అయ్యాలే. నా పీట మీంచి నీ బుట్ట తియ్యి ముందు," అంది అక్క, తట్ట దించుకుంటూ.