మల్లయ్య వేసిన బంతిదండ

బాపు ఎమ్మెల్యేగా గెలిచిన రోజు సాయంత్రం, మెట్‌పల్లిలో మా ఇల్లు. అక్కడ ఉన్నది మా నాన్న బాపు, అమ్మను మేము పిలిచే అవ్వ, నేను, రైతు మల్లయ్య. ఈ ఉదయం కరీంనగర్‌లో పూల దుకాణం దాటుతుంటే బంతి వాసనకు ఆ సాయంత్రం గుర్తొచ్చింది.

మల్లయ్య పొలాన్ని దాయాదులు ఆక్రమించుకున్నారు. వకీలుగా బాపు ఆ కేసు వాదించారు. తర్వాత జడ్జి అయ్యారు. తాను వాదించిన కేసు తానే వినకూడదని దాన్ని వేరే కోర్టుకు పంపించారు. అది అక్కడే పడి ఉండగా బాపు జడ్జి ఉద్యోగం వదిలి ఎన్నికల్లో నిలబడ్డారు. బాపుకు పెద్ద పదవి వస్తే పొలం దానంతటదే వస్తుందని నేను అనుకునేదాన్ని.

మల్లయ్య బాపుకు బంతిదండ వేసి, "గిప్పుడన్న నా పొలం ఇప్పియ్యి సారూ" అన్నాడు.

"కోర్టుల ఉన్నదాన్ల ఎమ్మెల్యే చెయ్యి పెట్టరాదు మల్లయ్యా."

మల్లయ్య నవ్వాడు. "వకీలుగ ఉన్నప్పుడు జడ్జి చెప్పాలంటివి. జడ్జివైతే వాదించినోడు వినొద్దంటివి. నువ్వు పెద్దగైనకొద్ది నా పొలం దూరం పోవట్టె!"

"జర చాయ్ తాగి పో, అన్నా" అంది అవ్వ. అతను తాగలేదు.

"మంత్రివైతే ఇప్పిస్తవా, బాపూ?" అని అడిగాను. బాపు దండ తీసి పక్కన పెట్టారు.

బాపు ఎక్కడా తప్పు చేయలేదు. అది మల్లయ్యకు ఎందుకూ పనికిరాలేదని అర్థం కావడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

మర్నాడు పొద్దున్నే మల్లయ్య మళ్లీ వచ్చాడు. పొలం మాట ఎత్తలేదు.

"నా పోరన్ని దుబాయ్ తోలుత సారూ. పాస్‌పోర్టు కాయిదం మీద ఎమ్మెల్యే సంతకం గావాల్నట, పెట్టు. గిదన్న నీ చేతుల ఉన్నదా?"

ఉంది. బాపు వెంటనే పెట్టారు.