కాటాల మేస్త్రి అనుమానం

కాటాల మేస్త్రికి లోకంలో ఏ కాటా మీదా నమ్మకం లేదు. ముప్పై ఏళ్లుగా కొట్లవాళ్ల కాటాలు విప్పి సరిచేస్తున్నవాడాయె. పండ్ల బండి దగ్గర నిలబడినా ముందు పళ్లెం అడుగున చెయ్యి పెట్టి తడిమి చూస్తాడు. అలాంటివాడికి ఆసుపత్రి కాటా మీద అనుమానం రాకుండా ఎలా ఉంటుంది?

భార్యకు కడుపులో కాన్సర్. మూడు వారాలకోసారి మందు ఎక్కించే ముందు నర్సు బరువు చూస్తుంది. మూడుసార్లూ నలభై ఆరు కిలోలే. ఇంట్లో చూస్తే మనిషి సగమైపోతోంది. ఉంగరం జారిపోతోందని దారం చుట్టుకుంది. తిన్నావా అంటే తిన్నానంటుంది, కంచం కడిగి బోర్లించి ఉంటుంది. పెరట్లో పిల్లి మాత్రం నానాటికీ బలుస్తోంది.

ఆసుపత్రి కాటా దొంగదని తేల్చేశాడు మేస్త్రి. దానికి తోడు అతని పెట్టెలో తూకపు రాళ్లు మాయమవుతున్నాయి. మొదట అరకిలో, తర్వాత కిలో, మొన్న ఇంకో కిలో. పక్క కొట్టు తాళాలవాడే పట్టుకెళ్లాడని అతనితో మాటలు మానేశాడు. పాపం, అతనికి కారణమే తెలియదు.

నాలుగోసారి సంచిలో ఐదు కిలోల రాయి వేసుకుని వెళ్లాడు. నర్సును బతిమాలి కాటా మీద పెట్టాడు. సరిగ్గా ఐదు. తీసి మళ్లీ పెట్టాడు. ఐదే. కాటా నిజమే చెబుతుంటే మరి అబద్ధమాడుతున్నది ఎవరు?

అప్పుడు చూశాడు భార్య వైపు. బయట ఎండ మండిపోతుంటే ఒంటి నిండా శాలువా. తియ్యమంటే చలిగా ఉందంది. అతనే లాగాడు. లోపలివైపు కుట్టుకున్న మూడు జేబులు బరువుగా వేలాడాయి.

"బరువు తగ్గిందని పక్క మంచం ముసలాయనకి మందు ఆపేశారండీ," అంది తల దించుకుని. "నాకూ ఆపేస్తారని భయమేసింది. నోరంతా పుండ్లు. ఏం తిన్నా ఇనుము నాకినట్టుంది."

మేస్త్రికి ముందు కోపం వచ్చింది, దాని వెనకే దుఃఖం పొంగుకొచ్చింది. నర్సు కేకలెయ్యలేదు. మందు మోతాదు కట్టేది ఈ బరువును బట్టేనని, తగ్గుతోందని ముందే తెలిస్తే తిండి సంగతి అప్పుడే చూసేవాళ్లమని చెప్పింది. శాలువా లేకుండా తూస్తే నలభై మూడున్నర. డాక్టరు ఆ వేళకి మందు వాయిదా వేసి, పుండ్లకు పూత రాసిచ్చాడు. ఆకలేసేదాకా ఆగొద్దని, గుడ్డు, పాలు, మెత్తటి పప్పు రెండు గంటలకోసారి కొంచెం కొంచెం పెట్టమని, ఇనుము రుచి తగలకుండా చెక్క చెంచా వాడమని చెప్పాడు.

మేస్త్రి కొట్టు మూసి, గడియారం ముందు పెట్టుకుని కూర్చున్నాడు. చెంచా చెంచా తినిపించాడు. ఆమె గొంతు కదిలేదాకా చూపు తిప్పలేదు. పిల్లిని గడప తొక్కనివ్వలేదు.

మూడు వారాల తర్వాత కాటా నలభై మూడు కిలోల తొమ్మిది వందల గ్రాములు చూపించింది. నర్సు నవ్వింది. మేస్త్రి నవ్వలేదు.

"జేబులు చూపించు," అన్నాడు.

శాలువా ఇంట్లోనే వదిలి వచ్చింది ఆమె. చీర కొంగు దులిపి చూపించింది. ఖాళీ. చెప్పులు ముందే విప్పేసింది. చివరికి దారం చుట్టిన ఉంగరం కూడా తీసి అతని అరచేతిలో పెట్టింది.

"ఇక నా ఒంటి మీద ఇనప ముక్క లేదండీ. చూసుకోండి."

చూశాడు. అంకె మారలేదు. మేస్త్రి ఉంగరాన్ని గుప్పిట్లో బిగించుకుని, అందరూ చూస్తుండగానే బల్ల మీద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాడు.