గంగమ్మ వాటా ఏ పేజీలో ఉంది?

జగన్నాథరావు మేష్టారు పోయి ఏడాదైన సందర్భంగా తెనాలిలో వ్యాపారులు పెట్టిన సభకు వెళ్ళాను. అక్కడ పెద్దమనుషులు చెప్పిన మాటలు వింటుంటే నాకు ఒళ్ళు మండిపోయింది. ఆయన శాంతమూర్తట. ఎవరినీ పల్లెత్తు మాట అనలేదట. టైపు నేర్పి వందలమంది పిల్లలకు దారి చూపించారట.

శాంతమూర్తి ఏమిటి, నా తలకాయ! ఆయనకు కోపం ముక్కు మీద ఉండేది. లెక్క చూడకుండా జవాబు చెప్పినవాడి మీదకు సుద్దముక్క విసిరేవారు, గురి కూడా తప్పేది కాదు. ఇక టైపంటారా, అది ఆయన గత్యంతరం లేక చివరి రోజుల్లో నేర్పిన చదువు. అంతకు ముందు ఆయన నేర్పింది వ్యాపారుల లెక్కలు చదవడం. ఆ చదువును ఆయన చేతుల్లోంచి ఊడబెరికినవాళ్ళే వేదిక మీద శాలువాలు కప్పుకుని కూర్చున్నారు. అది చూసి ఊరుకోలేకే ఇది రాస్తున్నాను.

మేష్టారిది చేబ్రోలు. కుర్రతనంలో పొన్నూరులో ఒక బియ్యం మిల్లులో గుమాస్తా. ఆ మిల్లు యజమాని ఏటా లెక్కల కాగితంలో అడుగున ఉన్న అంకె ఒక్కటే చూసేవాడు. లాభం అని కనిపిస్తే తలాడించి సంతకం పెట్టేవాడు. మిల్లు మూతపడిన ఏడు కూడా కాగితంలో లాభమే ఉంది. ఆ లాభమంతా బాకీదార్ల ఇళ్ళలో ఉండిపోయింది, మిల్లులో కూలివాళ్ళకి ఇవ్వడానికి చిల్లర లేదు. గుమాస్తాకి ఆరు నెలల జీతం రాలేదు. ఆ కోపంతోనే ఆయన తెనాలి వచ్చి, ఒక కాఫీ హోటలు మేడ మీద బల్లలు వేసి, 1961లో లెక్కల బడి పెట్టారు.

నేను బాపట్ల నుంచి రోజూ పాసింజరులో వచ్చి అక్కడ చదువుకున్నాను. మగపిల్లల మధ్య నేనొక్కదాన్నే ఆడపిల్లని. కనుక సుద్దముక్క నా మీదకు రాలేదు, తిట్లు మాత్రం సమానంగా వచ్చాయి.

ఆయన చదువంతా రెండు ప్రశ్నలు. వ్యాపారి ఏడాది చివర వేసే ఆస్తి అప్పుల పట్టీని బ్యాలెన్సు షీటు అంటారు. ఎడమ పేజీలో అప్పులు, కుడి పేజీలో ఆస్తులు. "ఎడమ పేజీని అడగాల్సింది, ఇది ఎవరిదిరా అని. కుడి పేజీని అడగాల్సింది, ఇది ఎక్కడుందిరా అని. ఈ రెండూ అడక్కుండా లాభమెంత అని అడిగేవాడు నా బళ్ళోకి రానక్కర్లేదు" అనేవారు.

ఎవరినైనా అలాగే అనేవారు. బాపట్లలో పాండురంగారావు అని బట్టల కొట్టాయన, మా నాన్నకి స్నేహితుడు. ఒకసారి గొప్పగా లెక్కలు తెచ్చి చూపించాడు. మేష్టారు కాగితం అటూ ఇటూ తిప్పి, "నీకు లాభం వచ్చిన మాట నిజమేనయ్యా. కానీ ఆ లాభం ఊళ్ళో జనం ఒంటి మీద ఉంది. అందరూ అరువు చీరలు కట్టుకుని తిరుగుతున్నారు. ముందు అవి వసూలు చేసుకో" అన్నారు. ఆయన మొహం మాడ్చుకుని కాఫీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు. మా నాన్న నన్ను వారం రోజులు సాధించాడు.

ఇక అసలు సంగతికి వస్తాను. సుబ్బులు అని రేపల్లెకి దిగువన సముద్రం ఒడ్డు పల్లె మనిషి. రేపల్లె బండిలో చేపల గంప తెచ్చి తెనాలి వీధుల్లో అమ్మేది. 1966లో ఆమె భర్త సింగరయ్య వేటకు వెళ్ళి తిరిగి రాలేదు. పడవా పోయింది, వలా పోయింది. ఇద్దరు ఆడపిల్లలతో ఆమె మిగిలింది. సుబ్బులు తమ్ముడు ముత్యాలరావు వేటకు పోగలడు గాని, చేతిలో వల లేనివాడు పరాయి పడవలో కూలివాడే. ఆ కూలి వాడి కడుపుకే చాలదు. సొంత వలా, పడవలో ఒక వాటా ఉంటే ఆ ఇల్లు నిలబడుతుంది, లేకపోతే లేదు.

ఆ పల్లెల్లో ఇలాంటి ఇళ్ళ కోసమే ఒక కట్టుబాటు ఉంది. ఒడ్డుకి చేరిన ప్రతి గంప మీదా ఒక అణా గంగమ్మ వాటా కింద తీసి పక్కన పెడతారు. సముద్రం మింగిన మనిషి ఇంటికి వలా, పడవలో వాటా కొనిపెట్టడమే ఆ అణాల పని. పూర్వం ఆ డబ్బు కులపెద్ద ఇంట్లో, పసుపు రాసిన కుండలో ఉండేది. రేపల్లెలో చేపల సంఘం వచ్చాక కుండ పోయి పద్దు వచ్చింది. ఆ సంఘం పేరు నేను రాయను. దానికి ఇప్పటికే చాలా దండలు పడ్డాయి.

ఒకరోజు సుబ్బులు మేష్టారి భార్య రావమ్మ గారికి ఎండురొయ్యలు పొట్లం కట్టి ఇచ్చింది. పొట్లం కాగితమైనా చదవకుండా వదిలే మనిషి కాదు మేష్టారు. రొయ్యలు చేటలో ఒంపించి, కాగితం దులిపి, అరుగు మీదకు వచ్చారు. నేను అక్కడే ఉన్నాను.

"ఏమ్మా సుబ్బులూ, ఈ కాగితం ఎక్కడిది?"

"మా సంఘం లెక్కలండి. ఏటా మెంబర్లందరికీ పంచుతారండి. చదివేవాళ్ళెవరండీ, పొట్లాలకి బాగుంటదండి."

"సింగరయ్య పోయినప్పుడు నీకు వల డబ్బు ఇచ్చారా?"

"లేదండి. గంగమ్మ వాటా ఖర్చయిపోయిందన్నారండి. ప్రెసిడెంటు గారే చెప్పారండి."

మేష్టారి గొంతు లేచింది. "ఖర్చయిపోతే ఇక్కడెందుకుందీ? చూడు, గంగమ్మ వాటా, పద్దెనిమిది వేల నాలుగు వందలు. ఇది ఎడమ పేజీ. అంటే సంఘం ఇంకా ఇవ్వాల్సింది. మీకు ఇచ్చి ఉంటే ఈ అంకె తగ్గాలి. కిందటేటి అంకె కూడా పక్కనే వేశారు, ఇది పెరిగింది!"

సుబ్బులు తెల్లబోయింది. "పెరిగితే అమ్మోరి మహిమ అనుకున్నామండి. మీటింగులో ఆ పద్దు చదవంగానే కొబ్బరికాయ కొడతారండి, హారతి ఇస్తారండి. మేమందరం కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకుంటామండి."

మేష్టారు ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు.

ఇక్కడ ఒక్క మాట చెప్పాలి. ఆ లెక్కలో ఒక్క పైసా దొంగతనం లేదు. దొంగలెక్క అయితే పోలీసులకైనా చెప్పుకోవచ్చు. ఎడమ పేజీలో గంగమ్మ వాటా ఉంది. కుడి పేజీలో సంఘం భవనం, ఐసు గది, జీపు ఉన్నాయి. బ్యాంకులో చూస్తే ఐదు వందలు. అంతా అచ్చు వేసి ఊరందరికీ పంచారు. చచ్చిపోయినవాళ్ళ ఇళ్ళకి చేరాల్సిన డబ్బు జీపు అయి తిరుగుతోందని వాళ్ళే రాసిచ్చారు. జనం దానికి దణ్ణాలు పెట్టారు. నా కోపమంతా అక్కడే.

ఆ ఏటి సర్వసభ్య సమావేశానికి మేష్టారు రేపల్లె బయలుదేరారు. వద్దన్నా నేను వెంటపడ్డాను. సంఘం భవనం నిండా జనం. ప్రెసిడెంటు వీరరాఘవయ్య చేపల వర్తకుడు, జీవితంలో ఒక్కసారి కూడా వేటకు వెళ్ళినవాడు కాదు. ఆయన పక్కన లెక్కలు తనిఖీ చేసిన ఆడిటరు బ్రహ్మయ్య. గుమాస్తా లేచి చదవడం మొదలుపెట్టాడు.

"గంగమ్మ వాటా, ఇరవై వేల ఒక వంద."

టెంకాయ ఠప్పుమంది. హారతి వెలిగింది. "తల్లీ!" అని హాలంతా చేతులెత్తింది.

"ఎందుకయ్యా దణ్ణం?" అని మేష్టారు వెనక నుంచి అరిచారు. "అది మీకు వాళ్ళు బాకీ ఉన్న డబ్బు! బాకీకి దణ్ణం పెడతారేంటి?"

అంతే, గొడవ మొదలైంది. వీరరాఘవయ్య నోరు విప్పనే లేదు, ఆయనకా అవసరం రాలేదు. మా మేష్టారి మీదకు లేచింది ఎవరనుకున్నారు? ఏ ఇళ్ళ కోసం ఆయన అరిచారో ఆ ఇళ్ళవాళ్ళే. "అమ్మోరిని బాకీల్లో కలుపుతాడా!" అని ఒకడు, "తెనాలోళ్ళకి మా సంఘంలో పనేంటి?" అని ఇంకొకడు. చొక్కా పట్టుకుని గుమ్మం దాకా నెట్టారు. ఆయన కళ్ళజోడు కింద పడి ఒక అద్దం పగిలింది. నేను బ్రహ్మయ్య గారి దగ్గరికి పరుగెత్తి, "మీకు తెలుసు కదండీ, చెప్పండి" అన్నాను. ఆయన తన కాళ్ళకేసి చూసుకుంటూ, "లెక్క సరిగ్గానే ఉందమ్మా" అన్నారు. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ నాకు ఆయన్ని నిలబెట్టి కడిగెయ్యాలని ఉంటుంది. లెక్క సరిగ్గా ఉందని ఎవరు కాదన్నారు?

ఆ గొడవలో సుబ్బులు లేచింది.

"మేష్టారి సంగతి వదిలెయ్యండి, నేను మెంబరునే కదండీ. గంగమ్మ వాటా మాలాంటోళ్ళదేనా అండి?"

"ఎందుకు కాదమ్మా, మీదే" అన్నాడు వీరరాఘవయ్య, తేనె పూసినట్టు.

"ఇప్పుడది ఎక్కడుందండి?"

"ఇక్కడే ఉంది చెల్లెమ్మా. నువ్వు నిలబడ్డ ఈ భవనంలో ఉంది, ఆ ఐసు గదిలో ఉంది. అమ్మోరి డబ్బు ఎక్కడికి పోతుంది? రూపాయల కింద లేదు, అంతే."

"సరేనండి" అని సుబ్బులు కూర్చుంది. జనం చప్పట్లు కొట్టారు. తిరుగు బండిలో మేష్టారు ఒంటి అద్దంలోంచి కిటికీ బయటికి చూస్తూ కూర్చున్నారు. నేను ఏడ్చాను, దుఃఖంతో కాదు, ఉక్రోషంతో.

మర్నాడు పొద్దున్నే సుబ్బులు తన ఇద్దరు పిల్లలతో, చాపా చేటా పట్టుకుని సంఘం భవనంలో దిగింది. ప్రెసిడెంటు గదిలో, ఆయన బల్ల మీద పసుపు రాసి బొట్లు పెట్టిన కుండ ఒకటి నిలబెట్టింది. దాని ముందు దీపం వెలిగించింది. బల్ల పక్కన పొయ్యి పెట్టి గంజి కాచింది.

వీరరాఘవయ్య వచ్చి కేకలేశాడు. "ఏంటిది? ఎవరు రమ్మన్నారు నిన్ను?"

"మీరే కదండీ చెప్పారు, మాది ఇక్కడే ఉందని. మాది ఎక్కడుంటే అక్కడ ఉంటామండి. అమ్మోరు కూడా వచ్చిందండి."

కుండని కదపమని నౌకర్లని పిలిచాడు. వాళ్ళూ పల్లెవాళ్ళే, అదేమో గంగమ్మ కుండ! ఒక్కడు చెయ్యి వేస్తే ఒట్టు. ముందురోజు మేష్టారి చొక్కా పట్టుకున్నవాళ్ళే దానికి దణ్ణం పెట్టి గుమ్మంలో కూర్చున్నారు. మధ్యాహ్నానికి ఇంకో ముగ్గురు ఆడవాళ్ళు, సముద్రానికి మనుషుల్ని ఇచ్చుకున్నవాళ్ళే, చాపలు తెచ్చుకున్నారు. ప్రెసిడెంటు తన గదిలోకి పోవాలంటే చెప్పులు విప్పి, గంజి కుండలు దాటి, అమ్మవారి ముందు నిలబడాల్సి వచ్చింది. అలా పదిరోజులు నిలబడలేక జీపు అమ్మేశాడు. నాలుగు ఇళ్ళకీ వల డబ్బు ఇచ్చాడు. ముత్యాలరావు సొంత వలతో వేటకు వెళ్ళాడు.

మరుసటి ఏటి కాగితం సుబ్బులు మడత పడకుండా తెచ్చి మేష్టారి చేతిలో పెట్టింది. ఎడమ పేజీలో గంగమ్మ వాటా తగ్గింది, కుడి పేజీలో జీపు లేదు. "ఇన్నేళ్ళలో తగ్గుదల చూసి ఇంత సంతోషించడం ఇదే" అని ఆయన రావమ్మ గారిని పిలిచి మరీ చూపించారు.

దానికి ఆయన చెల్లించిన మూల్యం ఈ సభలో ఎవరూ చెప్పలేదు. రేపల్లె నుంచి తెనాలి దాకా వర్తకులు ఒక మాట అనుకున్నారు. ఆయన దగ్గర చదివినవాణ్ణి గుమాస్తాగా పెట్టుకుంటే రేపు మన లెక్కలు ఊళ్ళో చదువుతాడని. ఏడాది తిరిగేసరికి లెక్కల క్లాసుకి పిల్లల్లేరు. అప్పుడు పాత టైపు మిషన్లు నాలుగు కొన్నారు. పదేళ్ళు ఆ టకటకల మధ్య నోరు మూసుకుని బతికి, పోయారు. ఆ మౌనాన్నే వీళ్ళు శాంతం అంటున్నారు!

సభ ముగింపుకి వచ్చింది. అధ్యక్షుడు గొంతు సవరించుకుని, "మేష్టారి కుటుంబాన్ని ఆదుకోవడానికి కిందటేడు మనం మొదలుపెట్టిన జగన్నాథరావు స్మారక నిధి నాలుగు వేలు దాటిందని సగర్వంగా మనవి చేస్తున్నాను" అన్నాడు. హాలంతా చప్పట్లు. ముందు వరసలో ఉన్న రావమ్మ గారు తల దించుకున్నారు. ఆవిడ టైపు మిషన్లు అమ్ముకుని ఈ ఏడాది గడిపిన సంగతి నాకు తెలుసు. ఆ నిధిలోంచి ఒక్క రూపాయి ఆవిడ గడప తొక్కలేదు.

"అందరం లేచి, కళ్ళు మూసుకుని, ఆ మహానుభావుడికి చేతులు జోడిద్దాం."

అందరూ లేచారు. నా పక్కన కూర్చున్న సుబ్బులు మాత్రం లేవలేదు. జుట్టు నెరిసింది గాని గొంతు అదే గొంతు.

"బాబూ, ఆ నాలుగు వేలు ఎవరివండి?"

అధ్యక్షుడు కళ్ళు తెరిచాడు. "మేష్టారి కుటుంబానివేనమ్మా."

"ఎక్కడున్నాయండి?"

ఆయన పక్కవాడి మొహం చూశాడు. పక్కవాడు శాలువా సర్దుకున్నాడు. సుబ్బులు తన చేపల గంప తీసుకుని వెళ్ళి వేదిక మెట్ల మీద పెట్టి, పక్కనే చతికిలబడింది.

"చెప్పేదాకా ఇక్కడే ఉంటానండి. నాకేం తొందర లేదు."

నేను కూడా వెళ్ళి ఆమె పక్కన కూర్చున్నాను. కాసేపటికి రావమ్మ గారు లేచి వచ్చి మా పక్కన కూర్చున్నారు.